ఫింగర్ శాండ్‌విచ్‌లు ఎందుకు చెడుతున్నాయి, ఎలా సరిచేయాలి

మధ్యాహ్నం టీతో పాటు చిరుతిండి తినే అలవాటును ఇంగ్లండ్‌లో 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ ఆన్నా మొదలుపెట్టిందని చెబుతారు. ఆ టీ బల్ల మీదుండే మూడంతస్తుల స్టాండులో అడుగు పళ్లెం శాండ్‌విచ్‌లది. అంచులు తీసేసి సన్నగా కోసిన ముక్కలు, రెండు మూడు కొరుకుల్లో అయిపోవాలి. చేయడం తేలికే అనిపిస్తుంది కానీ, ఉన్నవే మూడు వస్తువులు కాబట్టి ఏ చిన్న లోపమైనా ఇట్టే బయటపడుతుంది. ఇబ్బందులు చాలావరకు తడి దగ్గరే వస్తాయి.

కీరా శాండ్‌విచ్ తడిసి ముద్దవుతోంది

కీరాలో దాదాపు 95 శాతం నీరే. ఉప్పు తగలగానే ఆ నీరు బయటికి ఊరుతుంది. బ్రెడ్ మీద పరిచాక ఉప్పు చల్లితే అదంతా బ్రెడ్‌లోకే దిగుతుంది. అందుకే ఉప్పు పని ముందే కానిచ్చేయాలి. లేత కీరాను స్లైసర్‌తో, వెనకున్న వేలు కనబడేంత పలుచగా తరగండి. చిల్లుల గిన్నెలో వేసి, చిటికెడు ఉప్పు చల్లి 15-20 నిమిషాలు వదిలేస్తే కింద నీళ్లు చేరతాయి. తర్వాత ముక్కల్ని పొడి గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డతో అద్దాలి. పిండితే నలిగిపోతాయి.

అయినా తడుస్తోందంటే వెన్న చూసుకోండి. వెన్న రుచికోసమే అనుకుని మధ్యలో కాస్త రాసి ఊరుకుంటారు. నిజానికి నీరు బ్రెడ్‌లోకి దిగకుండా ఆపేది ఆ పొరే. రెండు స్లైసులకూ అంచుల దాకా పూయాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి వెన్న బ్రెడ్‌ను చింపుతుంది. కరిగించి పూస్తే ఇంకిపోతుంది. బయటపెట్టి, వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తబడ్డాక వాడండి. మన ఎండాకాలంలో దానికి ఎంతోసేపు పట్టదు. పుదీనా చట్నీ ఇష్టమైతే నీళ్లు పోయకుండా రుబ్బి, వెన్నలోనే కలిపి పూయడం నాకు నచ్చిన పద్ధతి.

కోస్తుంటే బ్రెడ్ నలిగి, లోపలిది బయటికొస్తోంది

అప్పుడే వచ్చిన బ్రెడ్ మరీ మెత్తగా ఉంటుంది, నిన్నటిది మేలు. తీపి మిల్క్ బ్రెడ్ వద్దు, మామూలు శాండ్‌విచ్ బ్రెడ్ తీసుకోండి. అంచులు ముందే తీసేయడం ఇంకో కారణం. అంచులతోనే శాండ్‌విచ్ కట్టి, మూతపెట్టి 20-30 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే వెన్న గట్టిపడి రెండు స్లైసుల్నీ పట్టుకుంటుంది. అప్పుడు పళ్లున్న బ్రెడ్ కత్తితో, నొక్కకుండా రంపంలా ముందుకీ వెనక్కీ లాగుతూ ముందు అంచులు, తర్వాత మూడు ముక్కలు కోయండి. ప్రతి కోతకీ కత్తి తుడవాలి, లేదంటే తెల్లటి బ్రెడ్ మీద మరకలు పడతాయి.

ముక్కలు ఎండిపోయి అంచులు పైకి లేస్తున్నాయి

గాలి తగిలితే అంతే, ఫ్యాన్ కిందైతే మరీ త్వరగా. గట్టిగా పిండిన తడిగుడ్డ కప్పి ఉంచి, వడ్డించేటప్పుడే తీయండి. రాత్రే చేసి పెట్టుకుందామనుకోవద్దు. ఫ్రిజ్‌లో బ్రెడ్ బయటకన్నా త్వరగా బిరుసెక్కుతుంది.

గుడ్డు శాండ్‌విచ్ నల్లబడినట్టు, జారుగా ఉంది

గుడ్డు ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిసి, సొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తుంది. నీళ్లు మరిగాక 9-10 నిమిషాలు చాలు, వెంటనే చన్నీళ్లలో వేయాలి. పూర్తిగా చల్లారాకే మయోనైజ్ కలపండి, వేడి మీద కలిపితే జారిపోతుంది. గుడ్డువి రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున గంటే, ఆపైన మిగిలినవి పారేయాల్సిందే.