సమావేశ నిర్వహణ – అయిదో పాఠం: మినిట్స్ రాయడం

ఎజెండా ఎలా తయారు చేసుకోవాలో, ఎవరిని పిలవాలో గత పాఠంలో చూశాం. ఈసారి మినిట్స్, అంటే సమావేశంలో ఏం చర్చించారో, ఏం తేలిందో రాసిపెట్టే నోటు సంగతి తీసుకుందాం. చాలా ఆఫీసుల్లో ఈ పనిని కొత్తగా చేరినవారికి అంటగట్టి మిగతావారు చేతులు దులుపుకుంటారు. నా ఉద్దేశంలో మాత్రం సమావేశంలో అధ్యక్షుడి తర్వాత అంత బరువైన బాధ్యత మినిట్స్ రాసేవారిదే. ఏం తేలిందో కాగితం మీద పెట్టాలని అందరికీ తెలిసినచోట చర్చ ఎటో ఒకవైపు తేలక తప్పదు.

కంపెనీల బోర్డు సమావేశాలకు చట్టం విధించిన పద్ధతి మనకు మంచి నమూనా. 2013 నాటి కంపెనీల చట్టంలోని 118వ సెక్షన్ ప్రకారం మినిట్స్‌లో జరిగినదాని సారాంశం నిష్పాక్షికంగా, సరిగ్గా ఉండాలి. ప్రతి మాటా ఎక్కించమని చట్టం అడగదు. కానీ హాజరైన డైరెక్టర్ల పేర్లతోపాటు, ఏదైనా తీర్మానానికి ఎవరైనా ఒప్పుకోకపోతే వారి పేర్లు కూడా రాయాలంటుంది. కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన ఎస్‌ఎస్-1 ప్రమాణం మరింత వివరంగా, సమావేశం ముగిసిన 15 రోజుల్లో ముసాయిదాను డైరెక్టర్లకు పంపాలని, వారు 7 రోజుల్లో తమ అభిప్రాయం చెప్పాలని, 30 రోజుల్లోగా మినిట్స్ పుస్తకంలో నమోదు పూర్తి కావాలని గడువులు పెట్టింది. నమోదైన మినిట్స్‌ను తారుమారు చేస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. మన వారపు సమావేశాలకు అంత భయం అక్కర్లేదు గానీ, గడువు మాత్రం కావాలి, అదీ మరునాటి మధ్యాహ్నం దాటకూడదు. ఆ తర్వాత ఎవరి జ్ఞాపకం వారిది.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరులోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో జనవరి మొదట్లో సమావేశం జరిగిందనుకోండి. కొత్త పంట టిక్కీలు (మిర్చి బస్తాలు) రావడం పుంజుకునేలోగా, గదులను చల్లగా ఉంచే అమోనియా కంప్రెసర్ సర్వీసింగ్ పూర్తి కావాలి. సాధారణంగా కనిపించే మినిట్స్ ఇలా ఉంటాయి: “కంప్రెసర్ సర్వీసింగ్ గురించి సుదీర్ఘంగా చర్చించడమైనది. త్వరలో తగు చర్యలు తీసుకోవలెనని అభిప్రాయపడ్డారు.” దీన్ని చదివి రేపు ఉదయం ఎవరూ ఫోన్ తీసి మెకానిక్‌ను పిలవరు. అదే విషయాన్ని ఇలా రాసి చూడండి: “రెండో కంప్రెసర్ సర్వీసింగ్ జనవరి 20లోగా పూర్తి చేయాలని నిర్ణయం. బాధ్యత: ప్లాంట్ ఆపరేటర్. రెండు కొటేషన్లు 10వ తేదీ సాయంత్రానికి మేనేజరుకు ఇవ్వాలి. పాత సరుకు ఉన్న గదులకు సర్వీసింగ్ జరిగే రెండు రోజులూ మొదటి కంప్రెసర్ ఒక్కటే సరిపోదేమోనని స్టోర్స్ ఇన్‌చార్జి అభ్యంతరం తెలిపారు. గదుల ఉష్ణోగ్రత గంటకోసారి నమోదు చేయాలని అంగీకరించారు.” అసలు మినిట్స్‌లో హోదా పక్కన పేరు కూడా ఉండాలి. ఒకే హోదాలో ఇద్దరుంటే పని ఎవరూ ముట్టుకోరు.

అభ్యంతరాన్ని ఎందుకు రాశామో గమనించండి. గదుల్లో వేడి పెరిగి సరుకు రంగు తగ్గితే, ఆ ప్రమాదాన్ని ముందే ఎత్తిచూపినవారు ఉన్నారని, దానికి తగిన జాగ్రత్త కూడా అనుకున్నారని తెలుస్తుంది. పై అధికారి ముందు భిన్నాభిప్రాయం చెప్పడానికి జంకేవారికి ఇది కొంత ధైర్యం కూడా. అయితే ఎవరు గొంతు పెంచారో, ఎవరు ఎవరిని ఎత్తిపొడిచారో రాయకూడదు. అభ్యంతరం, దానికి కారణం, అంతవరకే.

ఇంత స్పష్టంగా రాయాలంటే సమావేశం నడుస్తుండగానే అడగాలి. ఒక అంశం “చూద్దాంలెండి” అన్న మాటతో ముగిసి, అధ్యక్షుడు తర్వాతి అంశంలోకి వెళ్లబోతుంటే, రాసేవారు ఆపి, “సార్, దీన్ని ఎవరి పేరు మీద రాయమంటారు, ఎప్పటికి?” అని అడగాలి. మొదట్లో కాస్త ఇబ్బందిగా ఉంటుంది. అందుకే ఈ హక్కు రాసేవారికి ఉందని అధ్యక్షుడే ప్రారంభంలో చెప్పడం మంచిది. జవాబు రాకపోతే “నిర్ణయం వాయిదా, మళ్లీ ఫలానా తేదీన” అని రాసి, ఆ వాక్యాన్ని అందరికీ వినిపించాలి. వాయిదా పడిందని రాయడంలో తప్పు లేదు, తేలిందో లేదో తెలియకుండా వదిలేస్తేనే చిక్కు.

మరొక ఉపయోగకరమైన ఏర్పాటు ఉంది: గత సమావేశ నిర్ణయాలపై తీసుకున్న చర్యల నివేదికను తర్వాతి సమావేశం ముందు ఉంచాలి. మీ ఎజెండాలోనూ మొదటి అంశం అదే కావాలి. ఒక్కో పనికి “అయింది”, “కాలేదు, కొత్త తేదీ ఇది” అనే రెండు జవాబులు చాలు. కారణాల వివరణకు ఇక్కడ తావిస్తే మీ సమయం అక్కడే అయిపోతుంది. ఏదైనా పని వరుసగా రెండోసారి వాయిదా పడితే దాన్ని విడి అంశంగా చేర్చండి.

అభ్యాసం: మీ ఆఫీసులో క్రితం నెల జరిగిన ఒక సమావేశపు మినిట్స్ తీసుకుని, ప్రతి వాక్యం కింద ‘ఎవరు’, ‘ఎప్పటికి’ అని రాసి జవాబు వెతకండి. జవాబు దొరకని వాక్యాలను పై నమూనాలో తిరగరాసి, ఆ పనులతో సంబంధమున్నవారికి చూపించి, వారికి గుర్తున్నదానితో సరిపోతుందో లేదో అడిగి, తేడాలను పక్కన రాసుకోండి. తర్వాతి పాఠంలో చర్చ దారి తప్పినప్పుడు అధ్యక్షుడు ఎలా వెనక్కి తేవాలో చూసేటప్పుడు ఆ కాగితం మీకు అవసరమవుతుంది.