ఇంట్లో దొరికిన పాత ఆయిల్ పెయింటింగ్‌లో ఆవిడ ఎవరో, వేసిందెవరో తెలుసుకోవడం ఎలా?

వైజాగ్ వన్‌టౌన్‌లో మా మామ్మ వాళ్ళ ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీంచి ఒక పటం దిగింది. నడుము దాకా ఉన్న ఒకావిడ బొమ్మ. ముదురు ఎరుపు చీర, మోచేతుల వరకు రవిక, మెడలో కాసులపేరు, ముక్కుకి బేసరి. ఈవిడెవరని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. వేసిందెవరో ఎవరికీ తెలీదు. ఎన్నో ఏళ్ళ కిందట ఫ్రేము మార్చడానికి ఇస్తే ఆ షాపువాళ్ళు కాన్వాస్‌ని ప్లైవుడ్‌కి అతికించేశారు. "వెనకాల ఇంగ్లీషులో ఏదో రాసి ఉండేదిరా" అని మామ్మ ఇప్పటికీ బాధపడుతుంది. ఆ రాత ఇక కనిపించదు. మీ ఇంట్లో పటానికి అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

దొరకగానే తుడవకండి. తడిగుడ్డ, కొబ్బరినూనె, బంగాళదుంప ముక్క, ఏదీ వద్దు. పైన మురికిలా కనిపించేది చాలాసార్లు పసుపెక్కిన పాత వార్నిష్ అయి ఉంటుంది, దాన్ని రుద్దితే కింద రంగు కూడా లేచి వస్తుంది. ఇద్దరు పట్టుకుని మెత్తటి దుప్పటి మీద పెట్టి, ముందువైపు, వెనకవైపు, నాలుగు మూలలు విడివిడిగా ఫోటోలు తీయండి. కొలతలు రాసుకోండి.

తర్వాత అది నిజంగా ఆయిల్ పెయింటింగేనా అని చూడాలి. గదిలో లైట్లు ఆపి, టార్చి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకోండి. చేత్తో వేసిన బొమ్మయితే కుంచె గీతలు, నగల దగ్గర రంగు గట్టిగా పేరుకున్న చోట్లు గట్లుగట్లుగా కనిపిస్తాయి. ముఖం ఫోటోలా నున్నగా ఉండి చీరకీ నగలకీ మాత్రమే రంగు మందంగా ఉంటే, అది పెద్దది చేసిన ఫోటో మీద రంగులు వేసింది కావచ్చు. ఆ రోజుల్లో అది బాగా నడిచిన పద్ధతి. మూడో రకం ఓలియోగ్రాఫ్. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు నుంచి ఇలాంటి అచ్చుబొమ్మలు ఇంటింటికీ చేరాయి. పైన వార్నిష్ ఉంటుంది కాబట్టి దూరం నుంచి ఆయిల్ పెయింటింగ్‌లాగే ఉంటాయి. భూతద్దం పెడితే ముఖం మీద సన్నటి చుక్కలు బయటపడతాయి. కింది అంచులో ఉండే ప్రెస్సు పేరు ఫ్రేములోకి వెళ్ళిపోయి ఉండొచ్చు, అక్కడ కూడా చూడండి.

చేత్తో వేసిందే అని తేలితే ఇక వెనకవైపు. ముందువైపు కంటే ఇక్కడే ఎక్కువ దొరుకుతుంది. కాన్వాస్‌ని చెక్క చట్రానికి చిన్న మేకులతో కొట్టారా, స్టేపుల్ పిన్నులతోనా? పిన్నులుంటే బొమ్మయినా కొత్తది అయ్యుండాలి, లేదా తర్వాత ఎవరైనా మళ్ళీ బిగించి ఉండాలి. అమ్మినవాళ్ళ ముద్ర ఉందేమో వెతకండి. మన దగ్గర వాడిన కాన్వాసులు, రంగులు చాలావరకు లండన్ నుంచే వచ్చేవి. ఉదాహరణకి విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీ 1882లో లిమిటెడ్ అయింది. ముద్రలో "లిమిటెడ్" అని ఉంటే ఆ కాన్వాస్ అంతకంటే పాతది కాదు. పెన్సిల్‌తో రాసిన నంబర్లు, ఇంటిపేర్లు, చిరిగిన కాగితం ముక్క, ఏదీ చిన్నది కాదు. ఫ్రేము మార్చాల్సి వస్తే "వెనక ఏమీ అతికించొద్దు" అని షాపులో నోటితో చెప్పి ఊరుకోకండి, దగ్గరుండి చేయించుకోండి.

ఇప్పుడు బొమ్మలో ఆవిడ. అందరూ ముందు సంతకం కోసం వెతుకుతారు. నేనైతే ముందు ఆవిడెవరో కనుక్కోమంటాను. ఆవిడ ఎప్పుడు పుట్టారో, ఏ ఊరి కోడలో తెలిస్తే ఆ కాలంలో ఆ ఇంటికి ఏ చిత్రకారుడు వచ్చి ఉంటాడో వెతకడానికి ఒక దారి దొరుకుతుంది. ఇందుకు నగలే మొదటి ఆధారం. మా బొమ్మలో కాసులపేరు దగ్గర భూతద్దం పెట్టి చూశాను. ఒక్కో కాసు ఒక్క గుండ్రటి పసుపు గీత, దాని మీద తెల్లటి చుక్క, అంతే. పుస్తెల దగ్గర మాత్రం ఆ చిత్రకారుడు తొందరపడలేదు. రెండు పుస్తెలూ వేరువేరు ఆకారాల్లో, అంచులతో సహా వేశాడు. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. పుస్తె ఆకారం ఇంటింటికీ మారుతుంది కదా! ఆ ఒక్క చోటు దగ్గరగా ఫోటో తీసి వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపాను. అనకాపల్లిలో ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "ఇది మా వాళ్ళ పుస్తె నాయనా, మా పెద్ద మేనత్తది" అంది. ఆవిడ మా ముత్తాతగారి మొదటి భార్య. పెళ్ళైన ఏడేళ్ళకే పోయారట. ఇంట్లో ఆవిడ పేరెత్తేవాళ్ళే లేకుండా పోయారు.

అందుకని పుట్టింటివాళ్ళని తప్పకుండా అడగండి. మేము అత్తింటి ఆల్బమ్‌లే తిరగేస్తూ కూర్చున్నాం. అదే భంగిమలో ఉన్న ఫోటో అనకాపల్లిలో దొరికింది, అట్ట మీద మద్రాసు స్టూడియో పేరుతో సహా. అంటే మా బొమ్మ ఆ ఫోటో చూసి వేసింది. పాత జమాఖర్చు పుస్తకాలు, ఉత్తరాలు ఉంటే అవీ చదవండి. "బొమ్మ వేసినవారికి" అని ఒక్క పద్దు కనబడితే ఎంతో పని తగ్గుతుంది.

సంతకం సాధారణంగా కింద కుడి మూలనో ఎడమ మూలనో, ఒక్కోసారి ఫ్రేము అంచు చాటునో ఉంటుంది. దాన్ని భూతద్దంతో చూసేటప్పుడు ఒకటి గమనించండి. పాత రంగుకి పగుళ్ళు పడతాయి. సంతకం కూడా ఆ పగుళ్ళతో పాటే చీలి ఉండాలి. సంతకం రంగు పగుళ్ళలోకి దిగిందంటే అది తర్వాత ఎవరో చేర్చింది. చక్కగా ఉన్న ప్రతి బొమ్మకీ రవివర్మ పేరు తగిలించడం మనవాళ్ళకి అలవాటు. దానివల్ల అసలు వేసినవాళ్ళ పేరు పోతుంది. మద్రాసులో 1850లోనే చిత్రకళ నేర్పే స్కూలు మొదలైంది, బొంబాయి జె.జె. స్కూల్ 1857లో. అక్కడ చదివి వచ్చి చిత్రాలు వేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. రాజమండ్రి దామెర్ల రామారావు బొంబాయిలోనే చదివారు, 1925లో 28 ఏళ్ళు నిండకుండానే పోయారు. రాజమండ్రిలో ఆయన పేరున ఉన్న గ్యాలరీకి ఒకసారి వెళ్ళండి. ఆ తరం తెలుగు చిత్రకారుడి చేయి ఎలా ఉండేదో కళ్ళారా చూడొచ్చు. మన ఊళ్ళో బీచ్ రోడ్డులో డచ్చివారి పాత బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలో పాత నగలు, దుస్తులు, చిత్రపటాలు ఉన్నాయి. మీ బొమ్మ ఫోటోలు ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళి పోల్చుకోండి. ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగంలో అధ్యాపకులకి కూడా చూపించండి.

ఇక పటాన్ని కాపాడుకోవడం. వైజాగ్ ఉప్పుగాలికి మేకులు తుప్పుపట్టి కాన్వాస్ అంచుల్ని తినేస్తాయి. వానాకాలం చెమ్మెక్కే గోడకి తగిలించకండి. ఫ్రేము కింది మూలల్లో వెనకవైపు రబ్బరు ముక్కలు పెడితే గాలి ఆడుతుంది. పెద్దవాళ్ళ పటమని బొట్టు పెట్టి దండ వేయాలనిపిస్తే అద్దం బిగించాకే బొట్టు పెట్టండి, దండ ఫ్రేముకి మాత్రమే తగలాలి. పూల తడి, గంధం నేరుగా రంగు మీద పడకూడదు. దీపం పొగ దగ్గర వద్దు. హుద్‌హుద్ లాంటి తుఫానులో తడిస్తే ఎండలో పెట్టకుండా, బొమ్మ పైకి ఉండేలా పరిచి ఫ్యాను గాలికి ఆరనివ్వండి. రంగు పెచ్చులు లేస్తుంటే మాత్రం ఇంటి వైద్యం మానేసి, కన్సర్వేషన్, అంటే పాత బొమ్మల్ని పాడవకుండా బాగుచేసే పని, తెలిసినవాళ్ళనే అడగండి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో అందుకు ప్రయోగశాల ఉంది.

అమెరికాలో ఉన్న పిల్లలకి పంపుదామనుకునేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పెయింటింగ్ పురావస్తువు, దాన్ని మనలాంటివాళ్ళు దేశం దాటించకూడదు. వాళ్ళకి మంచి ఫోటో పంపండి.

తెలిసినదంతా ఒక కాగితం మీద రాసి కవర్లో పెట్టి, కాన్వాస్‌కి తగలకుండా ఫ్రేము చెక్కకి కట్టండి. మా కవర్లో ఆవిడ పేరు, పుట్టింటి పేరు, అనకాపల్లి ఫోటో నకలు ఉన్నాయి. "వేసినవారు" అన్న మాట పక్కన ప్రస్తుతానికి ఖాళీ వదిలాను.