చలికాలం వస్తోంది: నడక మానొద్దు, వేళ మార్చండి

విశాఖలో చలి మరీ వణికించదు. కానీ నవంబరు దాటాక పొద్దుటి గాలి బరువెక్కుతుంది. పోర్టు వైపు బొగ్గు దుమ్ము, ఫ్యాక్టరీల పొగ, బండ్ల పొగ, అన్నీ మంచులో కలిసి ఎండెక్కేదాకా కిందే ఉండిపోతాయి. సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల గాలి దారులు ఇరుకై ఏళ్ల తరబడి ఆయాసం తెచ్చే జబ్బు, ఉన్నవాళ్లకు ఆయాసం పెరిగే రోజులివి. దాంతో భయపడి చాలామంది వ్యాయామం పూర్తిగా ఆపేస్తారు. నాకు అసలు బెంగ అదే. కాళ్లలో బలం తగ్గితే చిన్న పనికీ ఎక్కువ ఊపిరి కావాలి, పండగ నాటికి స్నానం చేసి వచ్చినా రొప్పుతారు. ఈ జబ్బువాళ్లకు ఆసుపత్రిలో నేర్పే వ్యాయామాలు ఎనిమిది వారాలు నేర్చుకుని ఇంట్లో మానేస్తే, ఏడాది తిరిగేసరికి ఆ లాభం చాలావరకు పోతుంది.

అందుకని మానకండి, వేళ మార్చుకోండి. తెల్లవారుజామున బీచ్ రోడ్డుకు వెళ్లేవాళ్లు ఎండ వచ్చాక బండ్ల రద్దీ లేని పార్కుకు వెళ్లండి. మంచు విడవని రోజు ఇంట్లోనే, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచినా చాలు. సింహాచలం మెట్లు ఈ నెలల్లో వద్దు.

ఇంట్లో చేయడానికి కుర్చీ వ్యాయామం చాలా మంచిది. కదలని కుర్చీని గోడకు ఆనించి కూర్చోండి. ముక్కుతో గాలి పీల్చుకుని, పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా ఊదుతూ లేవండి. మళ్లీ పీలుస్తూ కూర్చోండి. ఊపిరి బిగబట్టకూడదు. ఐదుసార్లతో మొదలుపెట్టి, ఒంటికి అలవాటయ్యాక పెంచండి. కాస్త ఆయాసం రావాలి, అది తప్పు కాదు. చేస్తూ చిన్న వాక్యం పూర్తిగా చెప్పగలిగితే సరిపడా చేస్తున్నట్టే, మధ్యలో తెగిపోతుంటే తగ్గించండి.

డాక్టర్ చెప్పి ఉంటే పది, పదిహేను నిమిషాల ముందు ఇన్‌హేలర్ పీల్చుకోండి, చేసేటప్పుడు దగ్గరే ఉంచుకోండి. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్‌లో అంకె 88 శాతం కంటే కిందికి వెళ్తే ఆపి కూర్చోండి. చేతులు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగున్నా అంకె తప్పు చూపొచ్చు, అరచేతులు రుద్దుకుని మళ్లీ పెట్టి చూడండి. ఇంట్లో ఆక్సిజన్ వాడేవాళ్లు సొంతంగా పెంచుకోవద్దు. ఫ్లూ టీకా గురించి ఇప్పుడే అడగండి. భోగి మంట దగ్గరికి తాతగారిని పిలవకండి, పొగ రాని గదిలో కూర్చోబెట్టండి.

కఫం రంగు మారినా, ఎక్కువైనా, ఆయాసం మామూలు కంటే పెరిగినా వ్యాయామం ఆపి డాక్టర్‌కు చూపించండి. ఛాతీలో నొప్పి వచ్చినా, పెదాలు నీలంగా మారినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి), దగ్గరున్న పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి. తగ్గాక డాక్టర్ సరేనంటే, ఇదివరకు చేసేదాంట్లో సగంతో మళ్లీ మొదలుపెట్టండి.