సత్తిబాబు నుంచి సత్యనారాయణ దాకా

పదో తరగతి సర్టిఫికెట్‌లో నేను సత్యనారాయణ. ఆధార్‌లో మాత్రం ఇంట్లో పిలిచే సత్తిబాబే. మా రాజోలు వైపు గల్ఫ్ వెళ్లేవాళ్లు ఎక్కువ కదా, ఇలాంటి తేడాలన్నీ పాస్‌పోర్టు దగ్గరే బయటపడతాయి.

నెట్ సెంటర్‌లో "అఫిడవిట్ ఒకటి చాలండి" అన్నారు. అమలాపురంలో ప్లీడరు గారు కాగితాలు తిరగేసి, "చాలదు అబ్బాయ్. పేరు మొత్తం మారుతోంది, ఆధార్ వాళ్లు గెజిట్, అంటే పేరు మార్పు అచ్చయిన ప్రభుత్వ ప్రకటన, అడుగుతారు" అని తేల్చేశారు.

స్టాంపు పేపరు మీద పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, చిరునామా రాయించి నోటరీ చేయించారు. తర్వాత ఒక తెలుగు పేపర్లో, ఒక ఇంగ్లిష్ పేపర్లో ప్రకటన. ముక్క కత్తిరించొద్దు, తేదీ కనబడేలా పేజీ అంతా దాచమన్నారు. అసలు పనికొచ్చింది ఆయన చాదస్తమే. సత్యలో టీ పక్కన హెచ్ ఉందా లేదా అని ప్రతి కాగితం మీదా వేలు పెట్టి చదివించారు. సర్టిఫికెట్‌లో ఉంది, కాబట్టి అన్నిట్లోనూ ఉండాల్సిందే. విసుగొచ్చింది గానీ నోరెత్తలేదు.

వీటన్నిటితో దరఖాస్తు పెట్టి గెజిట్ చేతికొచ్చాక ముందు ఆధార్, దాంతో పాన్, బ్యాంకు. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, జాగ్రత్త. ప్లీడరు ఫీజు, ప్రకటన ఖర్చు విడివిడిగా ముందే అడిగేయండి. నాకింక పొలం పాస్‌బుక్ ఒక్కటే మిగిలింది.