పద్యం విప్పి చదవడం, 4వ పాఠం: ఊరు ఇంకా ఉందా?

ఈసారి లయ గురించి చెప్దామనుకున్నా, కానీ పోయినసారి ఇచ్చిన సొంతూరి పద్యం మీద అభ్యాసానికి మీ జవాబులు చదివాక దాన్ని పక్కన పెట్టేశా. దాదాపు అందరూ ఒకటే రాశారు, "సొంతూరికి దూరమైన కవి ఆవేదన ఇందులో కనిపిస్తుంది" అని. తప్పేం కాదు గానీ, ఆ మాట రాయడానికి పద్యం చదవక్కర్లేదు, శీర్షిక చూస్తే చాలు.

ప్రతీకలు, ఉపమానాలు మీకు వచ్చు కాబట్టి వాటి జోలికి పోను. ఒకటే ప్రశ్న వేసుకోండి: మనిషి దూరమయ్యాడు గానీ ఊరు అక్కడే ఉందా, లేక అసలు ఊరే లేకుండా పోయిందా? ఈ రెండిటినీ "కోల్పోయిన మాతృభూమి" అని ఒకే గాట కట్టేస్తారు చూడండి, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

కాళిదాసు మేఘసందేశం తీసుకోండి. కుబేరుడి శాపం వల్ల యక్షుడు ఏడాదిపాటు అలకాపురి వదిలి ఉండాలి, ఇంకా 4 నెలలు మిగిలాయి. రామగిరిలో కూర్చుని మేఘానికి తన ఇంటి గుర్తులు చెప్తాడు. కుబేరుడి భవనానికి ఉత్తరంగా, దూరం నుంచే కనబడే ఇంద్రధనుస్సులాంటి తోరణం, పక్కనే భార్య కొడుకులా పెంచుకున్న చిన్న మందార చెట్టు, పూలగుత్తుల బరువుకి చేతికందేంత వంగి ఉంటుంది. పచ్చల మెట్ల దిగుడుబావి. సాయంత్రమయ్యేసరికి నెమలి వచ్చి వాలే బంగారు కొయ్య. ద్వారం పక్కన శంఖం, పద్మం బొమ్మలు. ఇంత చెప్తూ ఆ ఇల్లు "ఉండేది" అని ఒక్కసారి కూడా అనడు. చివర్లో, నేను లేక ఇప్పుడా ఇల్లు కళ తప్పి ఉంటుంది అని ఊహిస్తాడు, ఆ ఊహకి కూడా ఇల్లు అక్కడ నిలబడి ఉండాలి కదా. దారి చెప్పి, గుర్తులు చెప్పి పంపుతున్నాడంటే వెళ్ళినవాడికి అవి కనిపిస్తాయనే నమ్మకం.

తిరిగెళ్తాడు కాబట్టి అలా మాట్లాడాడు అంటారేమో, కాదు. రోమన్ కవి ఓవిడ్‌ని క్రీ.శ. 8లో అగస్టస్ చక్రవర్తి నల్లసముద్రం ఒడ్డున ఉన్న తోమిస్‌కి తరిమేశాడు, మళ్ళీ రోమ్ ముఖం చూడకుండానే పోయాడు. ఆయన కూడా వసంతం గురించి రాస్తూ, ఇప్పుడు రోమ్‌లో సెలవులు, కోర్టు వాదాలు ఆపేసి ఆటలాడుకుంటున్నారు అంటాడు. తను లేకపోయినా ఊరు హాయిగా నడుస్తోంది, అసలు మంట అదే. దీన్ని ఆవేదన అని తేల్చేస్తే ఆ కుళ్ళు, ఆ అసూయ మీ చేతిలోంచి జారిపోతాయి.

ఇంకో వైపు పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్. 1941లో అల్-బిర్వా అనే ఊళ్ళో పుట్టాడు, 1948 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో ఊరు ఖాళీ అయింది, కుటుంబం లెబనాన్ పోయి తిరిగొచ్చేసరికి ఊరు నేలమట్టం. అలాంటి ఊరివాడెవరైనా "మా ఇంటి ముందు చెట్టు ఉంది" అని రాస్తే ఆ "ఉంది"లో మొండితనం ఉంది, కూల్చినవాళ్ళకి జవాబు ఉంది. యక్షుడు వాడేదీ అదే వర్తమాన కాలం, కానీ పని పూర్తిగా వేరు. అందుకే క్రియ ఏ కాలంలో ఉందో అదొక్కటే చూసి తీర్పు చెప్పకండి, ఊరి గతేంటో ముందు తెలుసుకోండి, పద్యంలో దొరక్కపోతే బయట వెతకండి.

పాతకాలపు చైనా కవి లీ బాయ్ 20 అక్షరాల పద్యం గురించి కొందరు అడిగారు. వెన్నెలని మంచు అనుకుంటాడు, తలెత్తి చంద్రుణ్ణి చూస్తాడు, తల దించి ఊరు తలుచుకుంటాడు. అందులో ఊరి వివరం ఒక్కటీ లేదు, మన ప్రశ్న దానికి పనికిరాదు. మామూలుగా చంద్రుడి పద్యాలంటే నాకు ఓపిక తక్కువ, ఇదొక్కటి మినహాయింపు.

నేనైతే పద్యం కాపీ మీద విశేషణాలన్నీ పెన్సిల్‌తో కొట్టేసి, మిగిలిన వస్తువులూ క్రియలే చదువుతా. క్రియల కాలం హఠాత్తుగా మారిన చోట ఒక గీత. విశ్లేషణ అక్కణ్ణుంచే మొదలుపెడతా, మొదటి పాదం నుంచి కాదు.

అభ్యాసం: ఉత్తరమేఘంలో (మేఘసందేశం రెండో భాగం) ఇంటి వర్ణన తర్జుమా దొరికితే అది, లేకపోతే పైన నేను చెప్పిందే తీసుకోండి. ఆ ఇల్లు కూల్చేశారని యక్షుడికి తెలిసిపోయింది అనుకుని మొత్తం తిరగరాయండి. తోరణం, చెట్టు, మెట్లు, కొయ్య, బొమ్మలు అన్నీ ఉండాలి, కనీసం ఒక్క వాక్యం వర్తమానంలోనే ఉండాలి, అది ఎందుకు మార్చలేదో కింద ఒక పేరా. "కన్నీరు", "గుండె", "జ్ఞాపకం" కనిపిస్తే చదవకుండా వెనక్కి పంపేస్తా.