రొయ్యల చెరువుకు సెన్సర్, మొబైల్ స్టార్టర్ పెట్టాక కర్బన ఉద్గారాలు తగ్గాయా? లెక్క కట్టడం ఎలా

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల చెరువుల కర్బనం లెక్కలో ఒక పెద్ద భాగం ఏరేటర్ల (నీటిలోకి గాలి కలిపే మోటార్ల) కరెంటుదే. సెన్సర్ నీటిలోని ఆక్సిజన్ ఎంతో చెబుతుంది, దాన్నిబట్టి మొబైల్ స్టార్టర్ ఈ మోటార్లను ఆన్, ఆఫ్ చేస్తుంది. ఫోన్‌లో యాప్ ఉన్నంత మాత్రాన అది తగ్గదు, మోటార్లు ఆగితేనే తగ్గుతుంది.

1. పరికరం బిగించకముందే మిగతా లోడ్లు ఆపి, ఏరేటర్లు మాత్రం తిప్పుతూ గంట తేడాతో మీటరు రీడింగ్ రెండుసార్లు రాసుకోండి. 2 హెచ్‌పీ ఏరేటరు గంటకు సుమారు 1.7 యూనిట్లు లాగుతుంది, నాలుగైతే దాదాపు 7. రీవైండింగ్ చేసిన మోటారు ఇంకా ఎక్కువ లాగొచ్చు కాబట్టి నేమ్‌ప్లేటును నమ్మొద్దు.

2. యూనిట్లను 0.7తో గుణించండి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు అన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. జనరేటరుకు పోసిన డీజిల్‌కు లీటరుకు 2.7 కిలోలు కలపండి. చాలామంది వదిలేసేది ఇదే.

3. డిజిటల్ సరంజామా తినే కరెంటునూ రాయండి. సెన్సర్, మోడెమ్ 10 వాట్లయితే రోజుకు పావు యూనిట్. కెమెరాలు, రికార్డరు, రౌటరు కలిపి 45 వాట్లయితే యూనిట్ పైనే. ఏరేటర్లు ఒక్క గంట ఆగితే ఇవన్నీ తీరిపోతాయి. అయితే ఉప్పుగాలికి బోర్డు ఏడాదికే తుప్పు పడితే, కొత్తదాని తయారీ భారం కూడా మీ లెక్కలోకే వస్తుంది. నీరు చొరబడని పెట్టె తప్పనిసరి.

4. అసలు పని సెన్సర్ దగ్గరే. ఏరేటరు పక్కన వేలాడదీస్తే డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, మోటార్లు ఆగిపోతాయి, దూరపు మూలలో రొయ్య తేలుతుంది. నీటి సుడి తగలని చోట, నేలకు ఒక అడుగు ఎత్తులో పెట్టండి. ఉప్పదనం సెట్టింగ్ సున్నా దగ్గరే వదిలేస్తే మొగల్తూరు వైపు ఉప్పునీటి చెరువులో ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. జిగురు పడితే తక్కువ చూపి మోటార్లను ఊరికే తిప్పిస్తుంది. వారానికి రెండుసార్లు మెత్తటి గుడ్డతో తుడిచి, చేతి మీటరుతో సరిచూడండి.

డీఓ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. 4.5 దగ్గర ఆన్, 6 దగ్గర ఆఫ్ పెట్టొచ్చు. రెండింటికీ తేడా లేకపోతే మోటార్లు మాటిమాటికీ ఆగి మొదలై, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టరు స్విచ్ మాడిపోతుంది. మిగులంతా ఎండ కాసే మధ్యాహ్నాల్లోనే. తెల్లారగట్ల, మబ్బు పట్టిన రోజుల్లో ఆటోమేటిక్ కట్ జోలికి పోవద్దు. సిగ్నల్ పోతే మోటార్లు తిరుగుతూనే ఉండేలా వైరింగ్ చేయించండి.

5. ఈ నెల బిల్లును పోయిన నెలతో పోల్చితే తప్పుదోవ పడతారు, రొయ్య పెరిగేకొద్దీ ఏరేటర్ గంటలూ పెరుగుతాయి. పంట మొత్తం యూనిట్లను పట్టుబడి (చెరువులో పట్టిన రొయ్యల) కిలోలతో భాగించండి. 9,000 యూనిట్లకు 3,000 కిలోలు వస్తే కిలోకు 3 యూనిట్లు, అంటే 2.1 కిలోల కార్బన్ డయాక్సైడ్. అదే రోజు, అదే లెక్కన పిల్ల వేసిన, సెన్సర్ లేని పక్క చెరువు దొరికితే పోలిక గట్టిగా నిలుస్తుంది.

కరెంటు మిగిలింది కదా అని మళ్లీ పంటకు పిల్ల ఎక్కువ వేస్తే కిలో లెక్క బాగానే కనబడుతుంది, చెరువు మొత్తం ఉద్గారం మాత్రం పెరుగుతుంది. అందుకే పుస్తకంలో రెండు అంకెలూ పక్కపక్కనే రాయండి.