అమ్ములపొదిలో బాణాలు గలగలలాడకుండా చోళ్లు (రాగులు)

తోలు పొది వీపున వేసుకుని నడిస్తే అడుగడుక్కీ బాణాలు గలగలమంటాయి. పైగా ఇనుప మొనలు అడుగు తోలునీ, అక్కడి కుట్టు దారాన్నీ పొడిచి పొడిచి తినేస్తాయి. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ప్రతి కిరాణా కొట్లో దొరికే చోళ్లతో దీన్ని ఆపొచ్చు.

ముందు పాత హవాయి చెప్పు అట్టని పొది అడుగు కొలతకి, చుట్టూ 2 మి.మీ. ఎక్కువ ఉంచి కోయండి. జిగురు వద్దు, బిగుతుగా నొక్కితే చాలు. ఈ బిగువు ముఖ్యం. చోడిగింజ చాలా సన్నం, కుట్టు సందుల్లోంచి కూడా జారిపోతుంది. ఒక పూట ఎండలో పెట్టిన చోళ్లు దానిమీద 4 సెం.మీ. ఎత్తున పొయ్యండి. 9 సెం.మీ. వెడల్పు పొదికి 200 గ్రాములు సరిపోతాయి. మొనలు గింజల్లో దిగి కూర్చుంటాయి, కాడలు ఒకదాన్నొకటి కొట్టుకోవు, ఈకలు కూడా తక్కువ అరుగుతాయి. ఊక పొయ్యొద్దు, మరీ తేలిక, మొనని పట్టదు.

బాగా ముందుకి వంగితే గింజలు ఒలికిపోతాయి, వంగేటప్పుడు పొది మూతి చేత్తో పట్టుకోండి. అక్టోబరు, నవంబరు తుపాను ముసురులో మాత్రం ఇది పనికిరాదు. చోళ్లు చెమ్మ పీల్చి బూజు పడతాయి, ఆ బూజు తోలుకీ ఎక్కుతుంది, మొనలు తుప్పు పడతాయి. తడిస్తే అదే రోజు గింజలు పారబోసి, పొదిని నీడన తలకిందులుగా ఆరబెట్టండి.